పప్పుచారుకి తేమ పరీక్ష

నడిలంకలో కొబ్బరి పీచు వికాస మండలి పెట్టిన ఏడే గోదావరికి పెద్ద వరద వచ్చింది. వరద పదకొండో రోజుకి తీసేసింది. మండలి మాత్రం ఇవాళ్టికీ తీయలేదు.

ముందువైపు రెండంతస్తుల మేడ, అందులో ఆఫీసర్లు. వెనకవైపు రేకుల షెడ్డు, అందులో ముప్ఫై ఆరుగురు ఆడవాళ్లు, ఆరు రాట్నాలు. పీచుతో తాడు పేనేది వెనకవాళ్లు, పేనిన తాడు మీద కాగితాలు రాసేది ముందువాళ్లు. ఏ ఏడు కొలిచినా తాడుకన్నా కాగితమే పొడుగు.

షెడ్డుకి మేస్త్రమ్మ మట్టపర్తి అచ్చాయమ్మ. తొమ్మిదో ఏట ఒడిలో పీచు కట్టుకుని ఈ పనిలో దిగింది, ఇప్పుడు యాభై ఆరు. ఈ పనిలో ఒక చిత్రం ఉంది. ఒకరు రాట్నం తిప్పుతుంటే మిగతావాళ్లు ఒడిలోంచి పీచు వదులుతూ, వేళ్లతో మెలి సర్దుతూ వెనక్కి నడవాలి. ముందుకి నడిస్తే తాడు రాదు. అచ్చాయమ్మ ఆడపడుచు పల్లాలమ్మ అంటుంది కదా, "మనం నడిసిన నడకంతా కలిపితే కాశీ ఎల్లిపోయేవోళ్లమే వదినా. అయితే దేవుడి మొకం సూసేవోళ్లం కాదు, ఈపు సూపించి వచ్చేవోళ్లం."

ఆ ఏడు ఉగాది వెళ్లేసరికి పాత ఆర్డరు అయిపోయింది. షెడ్డు తలుపు మీద నోటీసు అంటించారు. నెలాఖరులోగా కొత్త కొనుగోలుదారు లభించని పక్షంలో ఈ షెడ్డుకు తాళం వేయబడును. కింద సంతకం, సంతకం కింద ముద్ర, ముద్ర కింద ఇంకో సంతకం. ఆ నోటీసు చదివించుకున్న రోజు ముప్ఫై ఆరు కేరియర్లూ మూత తీయకుండానే ఇళ్లకి వెళ్లాయి.

అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. ఒక పరుపుల కంపెనీ వారికి పీచు తాడు కావాలట. వాళ్ల కొనుగోలు అధికారి రహమతుల్లాగారు వచ్చే గురువారం పదకొండు గంటలకు దిగుతారు, మూడింటికి తిరుగు ప్రయాణం. ఉత్తరం చివర ఒక్క ముక్క రాశారు: "భోజనం చేస్తూ మాట్లాడుకుందాం."

ఆ ఒక్క ముక్కకే మేడంతా గడగడలాడిపోయింది.

డైరెక్టరు త్రిపురాన విశ్వంభరంగారు చెడ్డమనిషి కాదు, దెబ్బతిన్న మనిషి. కిందటేడు ఎవరో అతిథి వస్తే, వీధి చివర హోటల్లో రెండు ఇడ్లీలు పెట్టించి పంపారు. ఆర్నెల్లకి ఆడిట్ వాళ్లు ఎర్ర సిరాతో అడిగారు: "ఈ హోటలే ఎందుకు? మరొక హోటలు ఎందుకు కాదు?" ఆయన అమాయకంగా "దగ్గరగా ఉన్నందున" అని జవాబు రాశారు. వెంటనే ఇంకో కాగితం వచ్చింది: "దగ్గరతనమును ఏ పరికరముతో కొలిచితిరి?" దానికి జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నారు పాపం. అప్పట్నుంచి ఇంట్లో భార్య "కూరేం వండమంటారు?" అని అడిగినా మూడు ప్రత్యామ్నాయాలు రాతపూర్వకంగా ఇవ్వమంటున్నారని వినికిడి.

ఆయన ఆ మధ్యాహ్నమే 'అతిథి భోజన స్థల నిర్ధారణ సంఘం' వేశారు. అందులో ఒక మహిళ, ఒక శ్రామిక ప్రతినిధి, ఒక స్థానికుడు ఉండాలని నియమం. ముగ్గురిని వేస్తే మూడు కుర్చీలు కావాలి. మూడూ తానే అయిన అచ్చాయమ్మని వేసి రెండు కుర్చీలు మిగిల్చారు. అధ్యక్షులు తామే. మూడో సభ్యుడు నాణ్యతాధికారి చోడిశెట్టి పరాంకుశం. ఇరవై రెండేళ్లుగా పీచులో తేమ ఎంతుందో కొలవడమే ఆయన పని. ఆ తేమ కొలిచే మిషను ఆయన చంకలో ఎప్పుడూ చంటిబిడ్డలా ఉంటుంది.

కాన్ఫరెన్సు హాల్లో రెండు ఏసీల కింద కూర్చుని అచ్చాయమ్మ పమిట భుజాల చుట్టూ కప్పుకుంది. ఆ హాల్లో అడుగుపెట్టడం ఆమెకి అదే మొదలు.

"దీనికింత ఆలోసనేటండీ," అంది. "పుల్లమ్మ మెస్సుకి తీసుకెల్లిపోతే సరిపోద్దండి. వేడి వేడి అన్నం, కొర్రమేను పులుసు, గడ్డపెరుగు. తిన్నోడు కాదనలేడండి."

డైరెక్టరుగారు చెవులు మూసుకున్నారు. "అచ్చాయమ్మా! ప్రక్రియకు పూర్వమే ఫలితాన్ని ప్రకటించడం తీవ్రమైన విషయం. నేను విననట్టే నమోదు చేసుకుంటున్నాను."

"పోనీ, ఆయనేం తింటాడో ఓ ఫోను సేసి అడిగేత్తే?"

"అతిథిని అడగడమంటే ఎంపికను ప్రభావితం చేయడమే. అతిథికి ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ ఉండరాదు."

"తినేది ఆయనే కదండీ?"

"అందుకే ఉండరాదు."

అప్పుడు పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. "సార్, భోజన స్థలం ఎంపికకు మన దగ్గర ప్రత్యేక నిబంధనలు లేవు. మన దగ్గర ఉన్నది 'పీచు నాణ్యతా నిర్ధారణ నిబంధనావళి' ఒక్కటే. అయితే దాని ఆఖరి పేజీలో ఒక వాక్యం ఉంది. 'ఇందు పేర్కొనబడని వస్తువులకు సైతం ఇవియే వర్తించును.'"

డైరెక్టరుగారి మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. పరికరం దొరికింది! ఇక ఏ ఆడిట్టు ఏమడిగినా అంకెతో కొట్టొచ్చు.

"పీచు అన్న చోటల్లా భోజనం అని చదువుకుంటే సరిపోతుంది," అన్నారాయన. "సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది."

సంఘంలో ఒకరు నోరు తెరిచే ఉన్నారు, కానీ అందులోంచి ఇంకా మాట రాలేదు. ఏకగ్రీవానికి అది చాలు.

* * *

ఊళ్లో హోటళ్లన్నిటికీ కాగితాలు వెళ్లాయి. పోటీలో పాల్గొనదలచినవారు అరకిలో భోజన నమూనాను గోనెసంచిలో వేసి, మూతి కుట్టి, లక్కతో సీలు వేసి సోమవారం ఉదయం పది గంటలలోపు అందజేయవలెను.

నలుగురు వచ్చారు. అందరికన్నా ముందు పుల్లమ్మ వచ్చింది, నెత్తిన దాకతో. ఆవిడ మెట్లు ఎక్కుతుంటేనే పులుసు వాసనకి మేడ మీద రెండు సెక్షన్లు పని ఆపేశాయి.

"గోనెసంచి తెచ్చావా?" అన్నాడు పరాంకుశం.

"పులుసు గోనెసంచిలో పోయడవేంటయ్యా? మీ ఇంట్లో అలాగే వడ్డిత్తారా?"

"నిబంధన నాలుగు. గోనెసంచి తప్పనిసరి."

"ఓరి నీ నిబందన సల్లగుండా," అని పుల్లమ్మ పట్టుదలకి పోయింది. "పొయ్యి! పోసే సూడు!"

పోశారు. పులుసు సంచిలో ఒక్క క్షణం కూడా ఆగలేదు. బల్ల మీంచి నేల మీదికి, నేల మీంచి గుమ్మంలోకి, గుమ్మం దాటి మెట్లు దిగుతూ వీధిలోకి వెళ్లిపోయింది. వెనకే మూడు పిల్లులు వెళ్లాయి. పరాంకుశం రిజిస్టరులో రాసుకున్నాడు: "మొదటి నమూనా పోటీ నుండి స్వచ్ఛందంగా వైదొలగినది."

వల్లీ విలాస్ వాళ్లు నాలుగు అట్లూ, పప్పుచారూ పంపారు. పప్పుచారుని ప్లాస్టిక్ కవరులో పోసి గోనెసంచిలో దించడానికి డైరెక్టరుగారి ప్రత్యేక అనుమతి అవసరమైంది. డెల్టా గ్రాండ్ హోటలు మేనేజరు టై కట్టుకుని స్వయంగా వచ్చి పరోటాలూ నూడుల్సూ ఇచ్చి వెళ్లాడు. నాలుగోవాడు మధురిమ స్వీట్సు గ్రంధి సోమలింగం. ఆయనది హోటలే కాదు. వీధిలో అందరూ సంచులు కుడుతుంటే ఆఫీసు వాళ్లు సరుకు కొంటున్నారు కాబోలనుకుని అరకిలో జంతికలు ఇచ్చి పోయాడు.

నిబంధన అయిదు ప్రకారం నమూనాలను రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. పీచుకి అది న్యాయమే. మేడ మీద తాటాకు చాపలు పరిచి అట్లు, నూడుల్సు, పరోటాలు, జంతికలు వరసగా పరిచారు. పప్పుచారుని బేసిన్లో పెట్టారు. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చునే బాధ్యత, కళ్లం అనుభవం ఉన్న సభ్యురాలిగా, అచ్చాయమ్మ మీద పడింది.

కింద షెడ్డులోంచి పల్లాలమ్మ తల బయటికి పెట్టి అరిచింది. "వదినా! అట్లు ఎండాయా?"

"ఓ పక్క ఎండినయ్యే. తిరగేత్తన్నాను."

"నూడుల్సు?"

"దువ్వెనతో దువ్వమన్నాడే పరాంకుశంగారు. సిక్కులుంటే గ్రేడు పడిపోద్దంట!"

షెడ్డులో నవ్వులు గుప్పుమన్నాయి. పైన అచ్చాయమ్మ కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు చివరికంటా వెళ్లలేదు. సోమవారం పోయింది, మంగళవారం పోతోంది. గురువారం వచ్చేవాడికి చూపించాల్సిన తాడు చుట్టలు దులపాలి, రాట్నాలకి నూనె వేయాలి. తను చూస్తే ఇక్కడ కాకుల్ని తోలుతోంది.

బుధవారం పరీక్ష. పరాంకుశం ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మిషను రెండు పుల్లలూ ఒక్కో పదార్థంలో గుచ్చి, ముల్లు చూసి, గంభీరంగా చదివాడు.

"పప్పుచారు. తేమ శాతం తొంభై ఒకటి. గరిష్ఠ పరిమితి పదిహేను. తిరస్కరించడమైనది."

"పప్పుచారులో తేమ లేకపోతే అది పప్పండి," అంది అచ్చాయమ్మ.

"పప్పు పరీక్షకు రాలేదు," అన్నారు డైరెక్టరుగారు.

తరువాత లాగుడు పరీక్ష. పరోటా ఒక కొసని కొక్కేనికి తగిలించి, రెండో కొసకి బరువులు కట్టారు. డెల్టా గ్రాండ్ పరోటా రెండు కిలోలు మోసింది, మూడు మోసింది, నాలుగో కిలో కట్టినా తెగలేదు. పరాంకుశం కళ్లు చెమర్చాయి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత బలమైన నమూనా తను చూడలేదన్నాడు. నూడుల్సుకి పొడవులో మొదటి గ్రేడు వచ్చింది. వల్లీ విలాస్ అట్లు లాగకముందే విరిగాయి.

ఆఖరున కర్రతో బాది ధూళి చూడాలి. పరోటా నుంచి పిండి రాలింది, నూడుల్సు నుంచి ఏదో ఎర్రపొడి రాలింది. మలినం అధికం, రెండూ పోయాయి. జంతికలు ఒక్కటే మిగిలాయి. తేమ నాలుగు శాతం, ధూళి లేదు, లాగితే పటుక్కుమన్నాయి గానీ పొట్టి నారకి లాగుడు పరీక్ష వర్తించదని పరాంకుశం ఏడో నిబంధన చూపించాడు.

కబురందుకుని సోమలింగం గాభరాగా వచ్చాడు. "అయ్యా, నాది మిఠాయి కొట్టండి. కూర్చోటానికి బల్ల కూడా లేదండి."

"కూర్చొనుట గురించి నిబంధనల్లో లేదు," అన్నారు డైరెక్టరుగారు.

"అన్నం వండనండి!"

"అది మీ బలం," అన్నాడు పరాంకుశం.

కూర్చోవడానికి చోటు లేదు గనక విందు కాన్ఫరెన్సు హాల్లోనే జరపాలని, సోమలింగం సరుకు అక్కడికి పంపాలని తీర్మానించారు.

* * *

గురువారం రహమతుల్లాగారు చెప్పిన టైముకే వచ్చారు. అరవై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, చేతిలో చిన్న సంచీ, ఎడమ బుగ్గ కాస్త వాచి ఉంది. గంటన్నరసేపు మండలి చరిత్ర విన్నారు. పన్నెండున్నరకి తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ముందు వెండి పళ్లెం. పళ్లెంలో ఎత్తుగా జంతికలు, పక్కన వాముపూస, పైన గొడుగుపట్టినట్టు నాలుగు అప్పడాలు. ప్రతిదానికీ దారంతో నంబరు చీటీ కట్టి ఉంది.

"శాస్త్రీయ పద్ధతిలో నిర్ధారింపబడిన విందును స్వీకరించవలసిందిగా మండలి పక్షాన కోరుతున్నాను," అన్నారు డైరెక్టరుగారు.

ఆయన నవ్వి, "శుక్రియా సార్. మరి భోజనం ఎప్పుడు?" అన్నారు.

"ఇదే భోజనం."

రహమతుల్లాగారు పళ్లెం వంక చూశారు, నంబరు చీటీల వంక చూశారు, మర్యాదగా తన బుగ్గ చూపించుకున్నారు. "నిన్ననే దవడ పన్ను పీకించుకున్న సార్. ఇవి నా తోని కావు. ఇంత మెత్తగ పప్పు బువ్వ ఉంటే చాలు, ఇంకేం వద్దు."

"విచారిస్తున్నాను. పప్పుచారుని నిన్ననే తిరస్కరించాం. తేమ తొంభై ఒకటి."

"పెరుగు?"

"నమూనా రాలేదు."

"పోనీ, గ్లాసెడు మంచినీళ్లన్న ఇప్పించుండ్రి."

డైరెక్టరుగారు పరాంకుశం వైపు తిరిగారు. పరాంకుశం మొహం పాలిపోయింది. "నీళ్లకి... నూరు శాతం ఉండొచ్చు సార్," అన్నాడు మెల్లిగా. "పరిమితి పదిహేను."

హాలు మూల కూర్చున్న అచ్చాయమ్మ ఆ పెద్దమనిషి మొహమే చూస్తోంది. ఆకలి ఎలా ఉంటుందో ఆమెకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన పెదవి తడి చేసుకోవడం, గోడ గడియారం వంక చూడటం, సంచీ భుజాన వేసుకోవడం, అన్నీ చూసింది. పరాంకుశం ఇవతల పైకి చదువుకుంటూ మినిట్సు రాస్తున్నాడు: "అతిథి ఈ హాలునందు ఆహారమును గానీ, నీటిని గానీ స్వీకరించలేదు."

"నేనొస్త సార్," అన్నారు రహమతుల్లాగారు. "తాడు సంగతి మల్ల రాస్త. తమిళనాడుల పొల్లాచి తాడోళ్లు గూడ పిలిచిన్రు, ఆడికి గూడ పోవాలె."

ముప్ఫై ఆరు కొంపల అన్నం ఆ సంచీతోపాటు లేచి గుమ్మం వైపు నడుస్తోంది. అచ్చాయమ్మ కుర్చీ లోంచి లేచి అడ్డం వెళ్లింది.

"బాబుగారూ, తాడు కొనటానికొచ్చి తాడు సూడకుండా ఎల్లిపోతారేటండీ? ఎనకే షెడ్డండి. నాలుగడుగులండి, ఆయ్."

డైరెక్టరుగారు ఆమె పక్కకి వచ్చి గుసగుసగా హెచ్చరించారు. "అచ్చాయమ్మా, ఆమోదం లేని స్థలంలో అతిథికి భోజనం..."

"బోజనం కాదండి బాబూ. తాడు సూపిత్తానండి."

అది అబద్ధం కాదు. చెప్పిన ముక్క నిజమే, చెప్పని ముక్క ఇంకోటి ఉంది, అంతే.

షెడ్డులో అప్పుడే కేరియర్ల మూతలు లేచాయి. రాట్నాల మధ్య నేల మీద వరసగా కూర్చున్నారు అందరూ. అచ్చాయమ్మ ముందు చెంబుడు నీళ్లు అందించింది. ఆయన ఆగకుండా తాగి, చెంబు దించి, ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"ఏం వండినవమ్మా?" అన్నారు పల్లాలమ్మ గిన్నె వైపు చూస్తూ.

"మామిడికాయ పప్పండి. మీలాంటోరు తినేదేం కాదండి."

"నేనేం తింటనో మీ ఆఫీసోళ్లకు తెలియదు, నీకెట్ల తెలుసు?" అని ఆయన నేల మీద చతికిలబడ్డారు.

ముప్ఫై ఆరు కేరియర్లలోంచి ఒక్కో ముద్ద వచ్చేసరికే విస్తరి నిండిపోయింది. పల్లాలమ్మ అన్నాన్ని పప్పుతో మెత్తగా మెదిపి పెట్టింది. ఎవరో పెరుగన్నం, ఎవరో ఉడికిన చేమదుంప, ఆఖరున తాటిముంజలు. నమలక్కర్లేని ముంజలు! ఆయన పంటినొప్పి మరిచిపోయి నాలుగు తిన్నారు. తింటూ తింటూ ఎడమ చేత్తో పక్కనున్న తాడు చుట్ట లాగి, మెలి విప్పి చూశారు.

"మెలి సమంగుంది," అన్నారు. "నెలకెన్ని లారీలు ఇస్తరు?"

"రెండండి."

"మూడు గావాలె."

అచ్చాయమ్మ ఇంకో గరిటె పెరుగు వేసింది. "మూడంటే ముప్ఫై ఆరుమందిలో ఒక్కత్తీ ఒక్కరోజు మానకూడదండి. ఆర్డరు ఆర్నెల్లకైతే ఎవురో ఒకరు అరటితోటల్లో పనికి పోతారు. మూడేల్లకని రాయండి, ఎవురూ మానరు."

"మూడేండ్లా! నా కాడ ఇంత బేరం ఎవ్వరు చెయ్యలే!"

"మీరు తింటన్నారు కదండీ, ఎల్లిపోలేరని," అంది పల్లాలమ్మ. షెడ్డంతా నవ్వింది. ఆయన కూడా, బుగ్గ పట్టుకుని.

అక్కడే, విస్తరి ముందే, కాగితం మీద సంతకం పెట్టారు. మూడేళ్లు, నెలకు మూడు లారీలు. ఒక్కటే షరతు: మొదటి లారీ వచ్చే నెల పదో తారీఖు లోపు కదలాలి, లేదా కాగితం చెల్లదు.

* * *

ఇక్కడితో అయిపోతే ఇది మామూలు ఊరి కథ అయ్యేది. రహమతుల్లాగారు మర్యాదస్థుడు కావడం వల్ల అవలేదు. హైదరాబాదు చేరగానే డైరెక్టరుగారికి ఉత్తరం రాశారు: "మీ షెడ్డులో పెట్టిన భోజనాన్ని నా జన్మలో మరిచిపోను."

డైరెక్టరుగారు ఆ ఉత్తరం పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. రాతపూర్వక సాక్ష్యం! ఆమోదం లేని చోట అతిథి భోంచేశాడు. రేపు ఎర్ర సిరా అడగదూ?

పరాంకుశమే దారి చూపించాడు. షెడ్డుని వెనకటి తేదీతో 'మండలి ఆమోదిత భోజనశాల'గా ప్రకటిస్తే గొడవే లేదు. ప్రకటించారు. షెడ్డు గుమ్మానికి బోర్డు కట్టారు. మర్నాడే రెండో కాగితం వచ్చింది, ఎందుకంటే మొదటిదానికి అది న్యాయంగా కలిగే సంతానం: "భోజనశాలయందు పీచు ధూళి నిషిద్ధము. రాట్నములను నలభై ఎనిమిది గంటలలో తొలగించవలెను."

"ఆర్డరొచ్చింది, సోటు పోయింది," అంది పల్లాలమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని. "ఇంకెక్కడ పేనాలే వదినా, గోదారి మీదా?"

పదో తారీఖుకి పదహారు రోజులుంది. అచ్చాయమ్మ చాలాసేపు ఆ బోర్డు వంక చూసింది. తరువాత కాళ్లు కడుక్కుని, చీర సర్దుకుని, మేడ మెట్లెక్కింది.

"బాబుగారూ, నేనింకా సంగంలో మెంబర్నే కదండీ?"

"సంఘం రద్దు చేసే కాగితం ఇంకా టైపు కాలేదు," అన్నారు డైరెక్టరుగారు.

"అయితే సెప్తన్నానండి. రాట్నాలు తీసెయ్యమన్నారు, తీసేత్తాం. ఎక్కడ పెట్టమంటారు? ఏదో ఓ సోట పెట్టేత్తే రేపు ఆడిట్టోరు 'ఈ సోటే ఎందుకు' అనరాండీ? దేంతో కొలిసేరు అనరాండీ?"

డైరెక్టరుగారి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇన్నేళ్లలో తన భయాన్ని ఇంత చక్కగా అర్థం చేసుకున్న మనిషి ఆ మేడలో ఒక్కరూ లేరు. "నిజమే అచ్చాయమ్మా," అన్నారు, దాదాపు ఆప్యాయంగా. "పరాంకుశం! మిషను తీసుకురా."

పరాంకుశం నిబంధనావళి తెరిచాడు. పీచు పని జరిగే గదికి తేమ పదిహేను శాతం మించకూడదు. పొడవు ఎనభై అడుగులకు తగ్గకూడదు. ఆ గదిలో ఆహార పానీయాలు ఉండకూడదు. మధ్యాహ్నమంతా ముగ్గురూ ఆవరణ చుట్టూ తిరిగారు. పుల్లలు గోడల్లో గుచ్చడం, ముల్లు చూడటం, టేపు పరవడం. గోడౌను ముప్ఫై ఒకటి, కారుతోంది. వరండా ఇరవై ఏడు. సైకిళ్ల షెడ్డులో ముల్లు తిరిగి తిరిగి కళ్లు తిరిగినట్టు ఆగిపోయింది. పాత రికార్డుల గది పొడిగానే ఉంది గానీ పన్నెండు అడుగులే.

"ఇంకో గదుందండి," అంది అచ్చాయమ్మ.

కాన్ఫరెన్సు హాలు గోడలో పుల్లలు గుచ్చిన పరాంకుశం ఒకసారి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "తొమ్మిది శాతం సార్. రెండు ఏసీల వల్ల." టేపు పరిచాడు. "ఎనభై రెండు అడుగులు."

"ఇది కాన్ఫరెన్సు హాలయ్యా!"

"ఆహార పానీయాల సంగతి..." అని పరాంకుశం ఆశగా పుస్తకంలోకి చూశాడు. యజమానిని కాపాడటానికి అదొక్కటే మిగిలింది.

"దానికీ కాగితం ఉందండి," అంది అచ్చాయమ్మ. "ఆ గురువారం మీరు రాసేరు. నాకు సదువు రాదు, కాత్త సదివి పెట్టండి."

పరాంకుశం చదివాడు. చదువుతుంటే గొంతు తగ్గుతూ వచ్చింది. అతిథి ఈ హాలునందు ఆహారమును గానీ, నీటిని గానీ స్వీకరించలేదు. కింద డైరెక్టరుగారి సంతకం, సంతకం కింద ముద్ర.

డైరెక్టరుగారు చాలాసేపు తన సంతకాన్నే చూశారు. "మినహాయింపు ఏమైనా..."

పరాంకుశం నిజాయితీపరుడు. అదే ఆయనతో చిక్కు. "కాన్ఫరెన్సు అనే మాటే ఈ పుస్తకంలో లేదు సార్."

సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. ఈసారి నోరు తెరుచుకుని ఉండిపోయింది డైరెక్టరుగారు.

మర్నాడు ఆరు రాట్నాలూ మేడెక్కాయి. పెద్ద బల్ల కిందికి దిగి భోజనశాలకి వెళ్లింది. ఇప్పుడు ఆఫీసర్లు అక్కడ రేకుల కింద చెమటలు కక్కుతూ కేరియర్లు విప్పుకుంటున్నారు. మొదటి రెండు రోజులు ఏసీ చలికి వణికిన ఆడవాళ్లు మూడో రోజుకి అలవాటు పడ్డారు. చెమట లేక చేతులు జారక తాడు ఇంకా బిగువుగా వస్తోందని అచ్చాయమ్మే చెప్పింది. తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం మొదటి లారీ కదిలింది. రెండోది పదిహేనుకి సిద్ధం కావాలి గనక ఎవరూ దాని వెనక నిలబడి చూడలేదు.

అయితే ఒక ఇబ్బంది మాత్రం ఉంది. హాలు ఎనభై రెండు అడుగులే, తాడు నూట ఇరవై కావాలి. అందుకని పేనేవాళ్లు వెనక్కి నడుస్తూ నడుస్తూ హాలు గుమ్మం దాటి వరండాలోకి వస్తారు. డైరెక్టరుగారి గది వరండా చివర.

పదకొండో తారీఖు పొద్దున ఆయన ఫైలు పట్టుకుని వస్తుంటే ఎదురుగా పల్లాలమ్మ వీపు కనిపించింది. ఒడిలో పీచుతో మీదికి వచ్చేస్తోంది.

"ఎనకెవరండీ? తప్పుకోండి!"

"నేనమ్మా. డైరెక్టర్ని."

"ఎవరైనా గానీండి, తాడు తెగిపోద్ది!"

ఆయన గోడకి అతుక్కున్నారు. పల్లాలమ్మ వెళ్లిపోయింది, ఆమె తాడు ఛాతీ ఎత్తున బిగుసుకుని దారికి అడ్డంగా నిలిచింది. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని, నడుం వంచి, తాడు కింద నుంచి దూరి లేచారు. ఎదురుగా రెండో తాడు. వంగారు. మూడోది. హాల్లో రాట్నం తిప్పుతున్న అచ్చాయమ్మ గుమ్మంలోంచి ఆయన తల మునుగుతూ లేస్తూ పోవడం చూస్తోంది.

నాలుగో తాడు దగ్గర ఆయన నడుం పట్టుకుని ఆగారు.

"ఇంకెన్నాళ్లు అచ్చాయమ్మా?"

ఆమె రాట్నం ఆపలేదు.

"మూడేల్లండి."